ఉబ్బిన బ్యాటరీల దండ

మైదానంలో అందరూ ఆయన్ని వెనకాల మీటరు అనేవారు, ఎదురుగా పెద్దన్న అనేవారు. చొక్కా జేబులో కలం ఉండాల్సిన చోట వోల్టేజి చూసే మీటరు పెట్టుకుని తిరిగే మనిషికి ఇంకేం పేరొస్తుంది? కరెంటు సబ్‌స్టేషన్‌లో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. అక్కడ లక్ష వోల్టులను అదుపులో పెట్టిన చేత్తోనే, ఇక్కడ ఆదివారాలు రిమోట్‌తో విమానాలు ఎగరేసుకునే పాతికమందిని అదుపులో పెట్టడం మొదలెట్టాడు. వోల్టులే నయం, చెప్పినట్టు వింటాయి అని తరచూ అనేవాడు. ఎవరూ నవ్వకపోతే తనే నవ్వుకునేవాడు.

ఆయన పెట్టిన నియమాల్లో తప్పేమీ లేదు, ఆ మాట ముందే ఒప్పుకోవాలి. ఆ విమానాల ప్రాణమంతా పొట్టలో ఉండే లైపో బ్యాటరీలో ఉంటుంది. చూడటానికి సబ్బుబిళ్లలా మెత్తగా, అమాయకంగా ఉంటుంది. లోపల మూడు సెల్లులు పక్కపక్కనే పడుకుని ఉంటాయి. మూడూ సమానంగా నిండాలి. ఒకటి పొట్ట పగిలేలా తాగి ఇంకొకటి పస్తుంటే ఆ కాపురం చెడినట్టే. ఎక్కువ ఎక్కిస్తే ఉబ్బుతుంది, దెబ్బ తగిలితే ఉబ్బుతుంది. ఒక్కోసారి పైకి ఏమీ కనపడదు, లోపల్లోపల చితికిపోయి, మళ్లీ ఛార్జింగుకి పెట్టినప్పుడు ఒక్కసారిగా భగ్గుమంటుంది. చెంబెడు నీళ్లు చల్లితే ఆరే మంట కూడా కాదది.

పదకొండేళ్ల కిందట మైదానం అంచున ఉన్న చెక్క షెడ్డు అలాగే తగలబడింది. ఎవరో ఛార్జింగు పెట్టి టీ తాగడానికి వెళ్లారు. మనుషులకేమీ కాలేదు కానీ పదహారు విమానాలు బూడిదయ్యాయి. అప్పుడే రిటైరై ఇంట్లో ఈగలు తోలుకుంటున్న మీటరు కొత్త షెడ్డు పనిని నెత్తినేసుకున్నాడు. ఇటుక గోడలు, సిమెంటు గట్టు, గట్టు మీద మట్టి మూకుళ్లు, ప్రతి మూకుడు పక్కనా ఇసుక బకెట్టు. ఛార్జింగు పెట్టినవాడు అది పూర్తయ్యేదాకా దాని పక్కనే కూర్చోవాలి, పిల్ల ఏడ్చినా పెళ్లాం పిలిచినా లేవకూడదు. ఐదేసి నిమిషాలకోసారి ముట్టుకుని చూడాలి, అదీ మునివేళ్లతో కాదు, చేతి వెనకవైపుతో, జ్వరం చూసినట్టు. కొంచెం వేడి తగిలినా తీసేయాలి. ఎగిరి వచ్చిన బ్యాటరీని ఖాళీ కడుపుతో రాత్రంతా ఉంచకూడదు, ఆ సాయంత్రమే ఇంటికెళ్లి సగానికి నింపాలి, చెక్క మీదా చాప మీదా కాకుండా బండ మీద పెట్టి నింపాలి. కింద పడిన బ్యాటరీని, సొట్ట పడినదాన్ని, విమానంతో పాటు నేలకు గుద్దుకున్నదాన్ని మాత్రం దాచకుండా చెప్పి, ఒక రోజంతా ఇసుక కుండలో పెట్టి చూడాలి. ఇదంతా తెల్లరంగుతో గోడ మీద రాసి ఉండేది, పైన పెద్ద అక్షరాలతో 'చేతులు కాలాక ఆకులు పట్టుకోకు' అని ఉండేది. గుమ్మం పక్కన నల్లబల్ల. దాని మీద 'నిప్పు లేని రోజులు' అని రాసి ఉండేది, కింద అంకెను ఆదివారం ఆదివారం మీటరు స్వయంగా సుద్దముక్కతో మార్చేవాడు.

ఇంతవరకూ బంగారంలాంటి మనిషే. తరవాతదే దండ.

ఉబ్బిన బ్యాటరీని ఉప్పునీళ్ల బకెట్టులో రోజుల తరబడి నానబెట్టి, ప్రాణం పూర్తిగా పోయిందని మీటరుతో చూసి, దాని వైర్లతోనే ఒక పొడవాటి తీగకు కట్టేవాడు. పక్కన అట్టముక్క మీద దాన్ని పాడుచేసిన మనిషి పేరు. అలా ఒకటొకటి చేరి అది దండయింది. ఎవరి పొరపాటు బయటపడితే వాళ్లు ఆ ఆదివారం పొద్దు వాలేదాకా ఆ దండ మెడలో వేసుకుని తిరగాలి. భోజనం దగ్గరా తియ్యకూడదు. పళ్ల డాక్టరు ఒకసారి వేసుకున్నాడు, మర్నాటి నుంచి పిల్లల్ని మైదానానికి తీసుకురావడం మానేశాడు. లెక్కల టీచరు ఒకసారి వేసుకుని ఏడాది మొహం చూపించలేదు. సిగ్గుంటేనే బుద్ధొస్తుంది, బుద్ధుంటేనే బతుకుతారు అనేవాడు మీటరు. దండ మెడలో పడ్డప్పుడల్లా ఆయన మొహం వెలిగిపోయేది. అది మాత్రం భద్రత కోసం కాదని అందరికీ తెలుసు.

దండలో ఇరవై మూడు బ్యాటరీలుంటే అందులో తొమ్మిది పిండివే.

పిండి ఆయన సొంత తమ్ముడు, పద్నాలుగేళ్లు చిన్నవాడు. బేకరీలో పొయ్యి దగ్గర పని. ఎంత తోముకున్నా చెవుల వెనక మైదాపిండి తెల్లగా మిగిలి ఉండేది, దాంతో ఆ పేరు స్థిరపడింది. తండ్రి ఊళ్లు తిరిగే ఉద్యోగి కావడంతో వాడికి అక్షరాలు దిద్దించిందీ, సైకిలు నేర్పిందీ, చెవి మెలేసిందీ అన్నే. వాడి చేతులు మాత్రం చేతులంటే చేతులు. తూకం లేకుండా ముద్ద తుంచితే ఒకదానికీ ఒకదానికీ చిటికెడు తేడా రాదు. బేకరీ యజమాని కొత్తవాళ్లకి పని నేర్పేటప్పుడు వాడి చేతులే చూడమనేవాడు. ఆ చేతులే విమానం రిమోట్ పట్టుకునేసరికి వణికేవి, ఎందుకంటే వెనక అన్న నిలబడి ఉండేవాడు. మా పిండిగాడు విమానాన్ని కూడా రొట్టెముద్ద అనుకుంటాడు, నేలకేసి కొడితే పొంగుతుందని వాడి నమ్మకం, అని అన్న అనగానే పాతికమందీ నవ్వేవారు. పిండి కూడా నవ్వేవాడు. ప్రతిసారీ దాచకుండా చెప్పేవాడు, ప్రతిసారీ దండ వేసుకునేవాడు. మిగతావాళ్లు చెప్పనివి ఎన్నున్నాయో ఎవరికెరుక?

వాడి భార్య స్కూలు యూనిఫారాలు కుట్టే మనిషి. సూది కన్ను ఎంత సన్నమో ఆవిడ చూపూ అంతే. దండతో ఉన్న పిండి ఫోటో ఒకటి ఎవరి ఫోను నుంచో ఆవిడ ఫోనుకి వచ్చింది. మూడో రోజున, మీ అన్నయ్య నలుగురిలో మిమ్మల్ని గాడిదను చేస్తే మీరేమో చెవులూపుతూ నిలబడ్డారు, అంది. పిండి అదంతా సరదాకని సర్దిచెప్పబోయాడు. సరదా అయితే మీ అన్నయ్య మెడలో ఒక్కసారీ ఎందుకు పడలేదని అడిగింది. వాడు ఆ అలవాటు ఇప్పుడు మానేశారని అబద్ధమాడాడు.

నల్లబల్ల మీద అంకె నాలుగు వేలకు చేరే ఆదివారం వస్తోంది. అన్ని ఊళ్ల క్లబ్బులకూ కలిపి ఉన్న సమాఖ్య నుంచి ముగ్గురు పెద్దలు షెడ్డు చూడటానికి వస్తామన్నారు. మీటరు నియమాలను అచ్చువేయించి అన్ని క్లబ్బులకూ పంచాలని వాళ్ల ఆలోచన. ఇంటివాళ్లను కూడా తీసుకురమ్మని అందరికీ చెప్పారు. పిండి భార్య తనూ వస్తానంది. పిండి ముందు రోజు అన్న ఇంటికి వెళ్లి, చెప్పులు విడిచిన చోటే నిలబడి, ఒక్క సాయం చెయ్యమని అడిగాడు. తన భార్య వస్తోంది, ఏం జరిగినా ఆ ఒక్క రోజు దండ తియ్యొద్దు, కావాలంటే తరవాతి నాలుగు ఆదివారాలూ వేసుకుంటాను అన్నాడు.

“నువ్వు పొరపాటు చెయ్యకు, నేను దండ తియ్యను,” అన్నాడు మీటరు.

తమ్ముడు దాన్నే వరంలా పట్టుకుపోయాడు. అది వరం కాదని ఆ అమాయకుడికి ఎవరు చెప్పాలి?

ఆదివారం ఎండ బాగా కాసింది. సమాఖ్య పెద్దలు మూకుళ్లు చూశారు, ఇసుక చూశారు, ఉప్పునీళ్ల బకెట్టులో వేలు ముంచి రుచి చూడబోయిన ఒకాయన్ని మిగతా ఇద్దరూ ఆపారు. నల్లబల్ల మీద మీటరు 4000 అని గుండ్రంగా రాస్తుంటే చప్పట్లు కొట్టారు. దండ చూసి, భలే ఉపాయమండీ, అన్నారు. మీటరుకి ఆ పూట నేల కాలికి తగల్లేదు.

మధ్యాహ్నం దాకా పిండి విమానం చక్కగా ఎగిరింది. పసుపు రెక్కల విమానం, దాని రెక్కల కవరు భార్య కుట్టిచ్చిందే. ఆవిడ గొడుగు కింద కుర్చీలో కూర్చుని చూస్తోంది, ఎన్నాళ్లకో మొగుడి మొహంలో అంత సంతోషం కనపడింది. మూడోసారి దించేటప్పుడు పక్కగాలి కొట్టింది. విమానం ముక్కు నేలకి పొడుచుకుంది. పెద్ద దెబ్బేమీ కాదు, గడ్డిలో దొర్లి ఆగింది. పిండి పరిగెత్తాడు. విమానం పొట్ట తెరిచి బ్యాటరీ బయటికి తీశాడు. జనానికి వీపు తిప్పి నిలబడి, దాని మూల మీద బొటనవేలు రాశాడు. వేలు ఒకచోట ఆగింది. తల తిప్పి గొడుగు వైపు చూశాడు. తరవాత బ్యాటరీని తుండుగుడ్డలో చుట్టి సంచి అడుగున పెట్టేశాడు.

ఇదంతా షెడ్డు గుమ్మంలో నిలబడి మీటరు చూశాడు. ఆయన కళ్ల నుంచి ఏదీ తప్పించుకోదు. ఆ బొటనవేలు ఆగిన తీరు చూస్తేనే చాలు, సొట్ట ఏ మూల పడిందో కూడా చెప్పగలడు.

మేకు మీద నుంచి దండ తీసుకుని బయలుదేరాడు. మాట ఇచ్చాడు కదా అంటారా? పొరపాటు చెయ్యనంతవరకే మాట. సగం దూరం వెళ్లాక ఆయనకి ఇంకో ఆలోచన వచ్చింది, అక్కడే పెదవుల మీద చిరునవ్వు మొలిచింది. సొట్టకి ఒక ఆదివారం దండ. దాచితే రెట్టింపు, అంటే రెండు ఆదివారాలు. ఆ నియమం గోడ మీద పదకొండేళ్లుగా ఉంది కానీ ఒక్కడూ దొరకలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, తను పట్టాడు. ఇప్పుడే బయటపెడితే పొరపాటు అని తప్పించుకుంటాడు. వాడి నోటితోనే అబద్ధం ఆడించి, వచ్చే ఆదివారం అందరి ముందూ, పెళ్లాన్ని కూడా పిలిపించి, ఆ సంచి తెరిపిస్తే ఎలా ఉంటుంది?

తమ్ముడి దగ్గరికి వెళ్లి, దండ చేతిలో ఊపుతూ, అంతా క్షేమమేనా అని అడిగాడు. పిండి క్షేమమే అన్నాడు. బ్యాటరీ సంగతేమిటని అడిగాడు.

“బ్యాటరీకేం అన్నయ్యా, బ్రహ్మాండంగా ఉంది.”

“నువ్వు ఉందంటే ఉన్నట్టేరా,” అని భుజం తట్టి, దండ పట్టుకుని వెనక్కి తిరిగాడు. గొడుగు కింద నుంచి మరదలు తననే చూడటం ఆయన గమనించలేదు. సాయంత్రం దాకా ఆ రహస్యాన్ని బుగ్గన పెట్టుకున్న బెల్లంముక్కలా చప్పరిస్తూ గడిపాడు.

ఆరింటికి ఇంట్లో కుర్చీలో కూర్చుని టీ తాగుతుంటే గడియారం కనపడింది. ఈపాటికి తమ్ముడు ఇంటికి చేరి ఉంటాడు. మొహం కడుక్కుని, బ్యాటరీలు బయటికి తీస్తుంటాడు. ఖాళీ కడుపుతో ఉంచకూడదు, ఆ సాయంత్రమే సగానికి నింపాలి, బండ మీద పెట్టాలి. వాడింట్లో బండపరిచిన గది వంటగది ఒక్కటే. తక్కిన ఎవరైనా బద్ధకించి రేపు చూద్దామనుకుంటారేమో కానీ వాడు అనుకోడు. అన్న చెప్పిన ఒక్క మాటా వాడు తప్పడు, ఇవాళ తప్పిన ఒక్కటీ తప్ప.

మీటరు ఫోను చేతిలోకి తీసుకున్నాడు. తమ్ముడి నంబరు తీశాడు. ఒరే, ఆ సొట్టపడినదాని జోలికి పోకు, ఇసుకలో పెట్టు. ఇంతే చెప్పాల్సింది. చెబితే తను చూశానని వాడికి తెలిసిపోతుంది. తెలిస్తే వచ్చేవారం వాడే ముందుగా ఒప్పేసుకుంటాడు, ఏడుపుమొహం పెడతాడు, ఆట అక్కడితో సరి. పదింట తొమ్మిదిసార్లు ఏమీ కాదులే అనుకున్నాడు. షెడ్డులో ఎవరైనా ఆ మాటంటే నోటి మీద కొట్టినంత పని చేసేవాడు, పదోసారి సంగతేంట్రా అని గర్జించేవాడు. వారం రోజులు వాడు కుమిలితే పీడా పోయె, బుద్ధొస్తుంది అనుకుంటూ ఫోనును బల్ల మీద బోర్లా పెట్టాడు. టీ చల్లారిపోయిందని వేడి చేసుకుని తాగాడు.

ఇరవై నిమిషాలకి ఫోను మోగింది. మరదలు. ఆవిడ ఏడవడం లేదు, దాంతో ఆయనకి ఇంకా భయం వేసింది. ఏ ఆసుపత్రో చెప్పి పెట్టేసింది.

జరిగింది ఇది. పిండి వంటగదిలో బండ మీద మట్టి మూకుడు పెట్టి, అందులో బ్యాటరీ పెట్టి, పక్కనే బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. సమానంగా నింపే సన్నవైరు కూడా తగిలించాడు. మొదటి ఐదు నిమిషాలకి ముట్టుకున్నాడు, చల్లగానే ఉంది. మధ్యలో భార్య పిలిచింది, లేవలేదు. రెండోసారి చెయ్యి వెనక్కి తిప్పి దాని మీద ఆనించాడు. ఆనించిన చెయ్యి ఆనించినట్టుండగానే అది బుస్సుమని పొగ కక్కి పేలింది. మంట నాలుక చాచినట్టు లేచింది. రెండడుగుల అవతల గ్యాసు సిలిండరు ఉంది, గోడకి ఆవలి గదిలో భార్య మిషను కుడుతోంది. ఏళ్ల తరబడి కొలిమిలాంటి పొయ్యిలోంచి ట్రేలు లాగిన మనిషి కదా, తన చేతుల మీద తనకి నమ్మకం. మూకుడుతో సహా రెండు చేతులా ఎత్తి పెరటి గుమ్మం దాకా పరిగెత్తాడు. పది అడుగులు. మూకుడు పగిలిపోయినా, మండేదాన్ని వదల్లేదు.

ఆసుపత్రి మంచం మీద వాడి చేతులు రెండు తెల్లటి మూటల్లా ఉన్నాయి. కనుబొమలు లేవు. మీటరుకి వాడి తల నిమరాలనిపించింది. కానీ నోట్లోంచి వచ్చింది మాత్రం అలవాటైన ప్రశ్న.

“ఎన్ని ఆంప్సులు పెట్టావురా?”

పిండి బుద్ధిగా చెప్పాడు. ఎంత పెట్టాలో అంతే పెట్టాడు. ఛార్జరులో మూడు సెల్లులనీ సరిగ్గానే పెట్టాడు. పక్కనే కూర్చున్నానని, చెయ్యి వెనకవైపుతోనే చూశానని, ఒక్క క్షణం కూడా లేవలేదని చెప్పాడు. లేచి ఉంటే చేతులు దక్కేవని గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. వాడు గొంతు తగ్గించాడు.

“దానికి సొట్ట పడింది అన్నయ్యా. దాచాను. నువ్వు దండ పట్టుకు వచ్చినప్పుడు చూసేశావనుకున్నా. నీ కంట పడనిది ఉండదుగా. మరి నువ్వేం అనలేదు. నువ్వు చూసి కూడా ఊరుకున్నావంటే అంత సొట్ట కాదులే, పెట్టొచ్చులే అనుకున్నా. చూశావా అన్నయ్యా?”

మంచం అవతలి వైపు నుంచి మరదలు తలెత్తింది. చూస్తూ కూర్చుంది.

“లేదురా,” అన్నాడు మీటరు. “నేను చూడలేదు.”

పిండి తల దిండు మీద వాలిపోయింది. అయితే తప్పంతా నాదే అన్నాడు. ఊరట పడ్డట్టే అన్నాడు. అన్న తనని వదిలెయ్యలేదు, అది చాలు వాడికి. షెడ్డు గోడ మీది సామెత మీటరు నాలుక చివరి దాకా వచ్చింది, పళ్లతో కొరికి ఆపుకున్నాడు. వరండాలోకి వెళ్లి గోడకి నుదురు ఆనించి నిలబడ్డాడు. ఆయనకి ఏడుపొచ్చింది, నిజంగానే వచ్చింది. కానీ లోపలికి వెళ్లి ఆ ఒక్క మాటా చెప్పడానికి మాత్రం కాళ్లు కదల్లేదు.

తరవాతి ఆదివారం మైదానంలో పళ్ల డాక్టరు మెల్లగా కదిపాడు, నల్లబల్ల మీది అంకె చెరిపి మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాలేమో అని. మీటరు మొహం గంటు పెట్టుకున్నాడు. ఆ బల్ల షెడ్డుకి సంబంధించినది, షెడ్డులో నిప్పు పుట్టలేదు, ఎవరి వంటింట్లోనో పుట్టిన నిప్పుకి షెడ్డు ఎందుకు తలొంచాలి అన్నాడు. ఎవరి వంటింట్లోనో అన్నాడు. సమాఖ్యవాళ్ల పుస్తకం అచ్చుకి వెళుతోందని కూడా గుర్తుచేశాడు. నాలుగు వేల ఏడు అని అంకె మారింది.

పిండికి కుడిచేతి రెండు వేళ్లు తీసేశారు. మిగిలినవాటిలో తెరిచి ఉన్నవి ముడుచుకోవు, ముడుచుకున్నవి తెరుచుకోవు. బేకరీ యజమాని మంచివాడే, కొన్నాళ్లు కొట్టు ముందు కూర్చోబెట్టి రొట్టెలు అందించమన్నాడు. కొనేవాళ్లు ఆ చేతుల నుంచి రొట్టె తీసుకోవడానికి మొహమాటపడ్డారు. ఒకావిడ తీసుకున్నాక కాగితం మార్చమంది. ఆ వారంతో పని ముగిసింది. ఇప్పుడు భార్య మిషను కుడుతుంటే వాడు పక్కన కూర్చుని కత్తిరించిన గుడ్డలు మోచేత్తో పక్కకి జరుపుతున్నాడు. మీటరు వారానికోసారి వెళ్లి పళ్లిచ్చి వచ్చేవాడు. ఒలిచి పెట్టేవాడు కాదు. వెళ్లాక మరదలు ఒలిచేది.

నిప్పు పుట్టిన రోజుకి సరిగ్గా పద్నాలుగో ఆదివారం పిండి మైదానానికి వచ్చాడు. భార్య చంకలో ఒక రేకు డబ్బా ఉంది. అందరూ చుట్టూ చేరారు, ఎలా ఉన్నావని అడిగారు, చేతులు కలపబోయి ఆగిపోయారు. పిండి నవ్వుతూ షెడ్డు గుమ్మం దగ్గరికి నడిచాడు. డబ్బా తెరవమని భార్యకి చెప్పాడు. లోపల కాలి ముడుచుకుపోయిన బ్యాటరీ, నల్లగా, కాల్చిన వంకాయ తొక్కలా ఉంది.

“ఉప్పునీళ్లలో నానబెట్టాం అన్నయ్యా, ప్రాణం లేదు. దండలో కట్టు,” అన్నాడు. “దాచాను కాబట్టి రెండు ఆదివారాలు. ఇవాళ, వచ్చేవారం.”

మీటరు ఇవన్నీ ఇప్పుడెందుకురా అన్నాడు. పళ్ల డాక్టరు, లెక్కల టీచరు వద్దంటే వద్దన్నారు. పిండి ఒప్పుకోలేదు. అందరికీ వేసి తనకి మాత్రం మానేస్తే రేపు ఇంకెవడైనా దాస్తాడని, తనకి జరిగిందే వాడికీ జరుగుతుందని అన్నాడు. ఆ నియమాల మీద అంత నమ్మకం వాటిని పెట్టిన మనిషికి కూడా లేదు. వాడి మొహంలో వెటకారం ఏమాత్రం లేదు, ఉంటే మీటరుకి ఎంతో తేలికయ్యేది.

వేరే దారిలేక మీటరు మేకు మీద నుంచి దండ దించాడు. నల్లటి దాన్ని వైరు మొనతో తీగకు కట్టాడు. ఇరవై నాలుగు. తమ్ముడు మెడ వంచాడు, చిన్నప్పుడు తలంటు పోయించుకోవడానికి వంచినట్టే.

“నువ్వే వెయ్యాలి అన్నయ్యా. నాకు పట్టు రావట్లేదు.”

అప్పుడు చెప్పి ఉండొచ్చు. పాతికమంది ముందు, ఒరే నేను చూశానురా అని ఒక్క మాట అని, ఆ దండ తన మెడలో వేసుకుని ఉండొచ్చు. నోరు తెరిచాడు కూడా. మరదలి కళ్లు తన మొహం మీదే ఉన్నాయి. ఆ రోజు దండ ఊపుతూ నవ్విన నవ్వును గొడుగు కింద నుంచి ఆవిడ చూసిందని, ఆసుపత్రిలో చూడలేదన్నప్పుడే ఆవిడకి అంతా తెలిసిపోయిందని, మొగుడికి మిగిలిన ఒకే ఒక్క నమ్మకాన్ని పగలగొట్టలేక ఊరుకుందని ఆయనకి ఆ క్షణాన అర్థమైంది. సిగ్గుతో ఒళ్లంతా మండిపోయింది. తెరిచిన నోరు మూసుకుని, తమ్ముడి మెడలో దండ వేశాడు. చెవి వెనక ఎక్కడా పిండి లేదు, శుభ్రంగా ఉంది.

ఎవరూ నవ్వలేదు. పిండి అటూ ఇటూ చూసి, నవ్వండయ్యా, ఎప్పుడూ నవ్వుతారుగా అన్నాడు. లెక్కల టీచరు లేచి విమానాల వైపు వెళ్లిపోయాడు. బరువుకి దండ ఒకపక్కకి జరిగితే పిండి దాన్ని మణికట్టుతో సర్దుకుని, వెళ్లి గొడుగు కింద కూర్చున్నాడు.

మీటరు గుమ్మంలోనే నిలబడిపోయాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మరదలు నల్లబల్ల దగ్గరికి వెళ్లింది. కింద చెక్క మీద ఉన్న సుద్దముక్క తీసింది. తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

“ఇవాళ్టి అంకె వెయ్యలేదు బావగారూ,” అంది.

ఆవిడ పక్కనే నిలబడి చూస్తుండగా, నిప్పు లేని రోజులు అన్న అక్షరాల కింద పాత అంకె చెరిపి, మీటరు 4098 అని రాశాడు.